పోటీ గెలిచాక ఏమవుతుంది? అంతర్జాతీయ సంగీత పోటీలు యువ కళాకారులకు ఏమిస్తాయి, ఏం ఇవ్వలేవు

2025 అక్టోబరులో పోలండ్ రాజధాని వార్సాలో, ఆ దేశపు స్వరకర్త షోపాన్ పేరిట జరిగిన పియానో పోటీలో అమెరికా యువకుడు ఎరిక్ లూ మొదటి బహుమతి గెలిచాడు. పోటీ మొత్తం యూట్యూబ్‌లో ఉచితంగా వచ్చింది కాబట్టి, పిల్లలు కీబోర్డో వయొలినో నేర్చుకుంటున్న విజయవాడ, గుంటూరు ఇళ్ళలో కూడా దాన్ని చూసినవాళ్ళున్నారు. చూశాక రెండు సందేహాలు వస్తాయి. ఇలాంటి పోటీలో గెలిస్తే ఇక లైఫ్ సెటిల్ అయినట్టేనా? బ్రాడీపేటలోనో బెంజ్ సర్కిల్ దగ్గరో ఫ్లెక్సీ మీద కనిపించే ‘అంతర్జాతీయ పియానో పోటీలో గోల్డ్ మెడల్’, వార్సాలో ఇచ్చిన బహుమతి ఒకటేనా?

రెండోదానికి జవాబు తేలిక: ఒకటి కావు. మొదటిదానికి కాస్త ఓపిక కావాలి. విజయవాడలో ర్యాంకు అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎంసెట్‌కు (ఇప్పటి ఈఏపీసెట్‌కు) ఒక కీ ఉంటుంది, ప్రతి ప్రశ్నకూ సరైన జవాబు ఒకటే ఉంటుంది, ర్యాంకు వస్తే సీటు ఖాయం. ఆ అలవాటుతోనే సంగీత పోటీని కూడా చూస్తాం. అక్కడ కీ లేదు. సీటు అనదగ్గదీ లేదు. పోటీ వల్ల నిజంగా ఒరిగేది ఏమిటంటే, వెనక ఎవరూ లేని ఇరవై ఏళ్ళ కుర్రాణ్ణో అమ్మాయినో సంగీత ప్రపంచం కొన్ని గంటలపాటు శ్రద్ధగా వింటుంది. ఎవరు అందరికంటే గొప్ప అన్నది అది తేల్చలేదు. పోటీలను మెచ్చుకునేవాళ్ళు, తిట్టేవాళ్ళు ఇద్దరూ ఈ తేడాను పక్కన పెట్టేయడం వల్లే గందరగోళం ఎక్కువైందని నాకనిపిస్తుంది.

ఏది పెద్ద పోటీ, ఏది డబ్బు కట్టి తెచ్చుకునే సర్టిఫికెట్

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో అందరూ లెక్కలోకి తీసుకునే పోటీలు కొన్నే. వార్సాలోని షోపాన్ పోటీ 1927లో మొదలైంది, సాధారణంగా అయిదేళ్ళకోసారి జరుగుతుంది, అందులో షోపాన్ రచనలు తప్ప వేరేవి వాయించరు. బ్రస్సెల్స్‌లోని క్వీన్ ఎలిజబెత్ పోటీ 1937లో వేరే పేరుతో మొదలై, 1951 నుంచి ఈ పేరుతో సాగుతోంది. వయొలిన్, పియానో, చెల్లో, గాత్రం వంతులవారీగా వస్తాయి. మాస్కోలో చైకోవ్‌స్కీ పోటీ 1958లో, అమెరికాలోని ఫోర్ట్‌వర్త్‌లో వాన్ క్లైబర్న్ పోటీ 1962లో, ఇంగ్లండ్‌లో లీడ్స్ పోటీ 1963లో మొదలయ్యాయి. వీటిలో పాల్గొనేవాళ్ళ వయసు చాలావరకు ముప్ఫై లోపే. 1957లో జెనీవా కేంద్రంగా ఏర్పడిన అంతర్జాతీయ సంగీత పోటీల సమాఖ్యలో వందకు పైగా పోటీలకు సభ్యత్వం ఉంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక చైకోవ్‌స్కీ పోటీని ఆ సమాఖ్య పక్కన పెట్టింది. అంటే ఏళ్ళ తరబడి నిలబెట్టుకున్న పేరు కూడా సంగీతంతో సంబంధం లేని కారణాలతో రాత్రికి రాత్రే మారిపోవచ్చు.

ఇక ఫ్లెక్సీల మీద కనిపించే పోటీలు. వీటిలో చాలావరకు ఆన్‌లైన్‌లో జరిగేవే. ఫీజు కట్టి వీడియో అప్‌లోడ్ చేస్తే వయసును బట్టి, వాయిద్యాన్ని బట్టి, స్థాయిని బట్టి లెక్కలేనన్ని విభాగాల్లో ఏదో ఒక బహుమతి వస్తుంది. కొన్ని రోజులకు మెయిల్లో బంగారు రంగు అంచుతో సర్టిఫికెట్ వస్తుంది. కొన్ని పోటీలు ‘న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో వాయించే అవకాశం’ అని రాస్తాయి. కార్నెగీ హాల్ అనేది ఒక్క హాలు కాదు, అందులో మూడు వేదికలున్నాయి. పెద్దదానిలో దాదాపు 2,800 సీట్లు ఉంటే, వైల్ రిసైటల్ హాల్‌లో ఉన్నవి 268. ఆ చిన్న హాలును బయటివాళ్ళు అద్దెకు తీసుకోవచ్చు. టికెట్టు, హోటలు, పాల్గొనే ఫీజు అన్నీ తల్లిదండ్రులు పెట్టుకుని పిల్లలతో అక్కడ వాయించి వస్తారు. అది తప్పేమీ కాదు, పిల్లలకు ఉత్సాహం వస్తుంది, ఫొటో కలకాలం ఉంటుంది. కాకపోతే కచేరీలు ఏర్పాటు చేసేవాళ్ళెవరూ ఆ సర్టిఫికెట్ చూసి పిలవరు.

తేడా గుర్తు పట్టడం కష్టం కాదు. పెద్ద పోటీలో జ్యూరీ, అంటే న్యాయనిర్ణేతల బృందం, సభ్యుల పేర్లు ముందే ప్రకటిస్తారు, రౌండ్లు ప్రేక్షకుల ముందు జరుగుతాయి, చివరి రౌండులో ఆర్కెస్ట్రా ఉంటుంది, విజేతకు నిర్వాహకులే డబ్బిస్తారు. రెండో రకంలో డబ్బు పోటీదారు జేబులోంచి నిర్వాహకుడి దగ్గరికి వెళుతుంది. టీవీ షోలు మూడో రకం. 2019లో చెన్నై బాలుడు లిడియన్ నాదస్వరం అమెరికన్ టీవీ షోలో పది లక్షల డాలర్లు గెలిచినప్పుడు మనవాళ్ళు ఎంతో మురిసిపోయారు, మురవాల్సిందే కూడా. అయితే అది అన్ని రకాల ప్రతిభల మధ్య జరిగిన వినోద కార్యక్రమం. వార్సాలో మూడు వారాలు ఒకే స్వరకర్త రచనలు వాయించే పోటీ తీరు వేరు.

వార్సా, బ్రస్సెల్స్‌లో రౌండ్లు ఎలా నడుస్తాయి

వడపోత పోటీకి చాలా ముందే మొదలవుతుంది. 2025 షోపాన్ పోటీకి ఆరు వందలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ముందు వీడియోలు చూసి కొందరిని ఎంచారు, వాళ్ళను వసంతంలో వార్సాకు పిలిచి ఎదురుగా విన్నారు, అక్టోబరులో అసలు పోటీకి ఎనభై మందికి పైగా మిగిలారు, ఫైనల్‌కు 11 మంది చేరారు. మధ్య రౌండ్లలో రిసైటల్ ఉంటుంది, అంటే పియానిస్టు ఒంటరిగా కూర్చుని నిర్ణీత సమయం వాయిస్తాడు. ఫైనల్లో కన్సర్టో ఉంటుంది, అంటే పూర్తి ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద రచన. షోపాన్ రాసిన కన్సర్టోలు రెండే. ఫైనల్‌కు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మొదటిదాన్నే ఎంచుకుంటారు. లూ రెండోది ఎంచుకుని గెలిచాడు. 1980 తర్వాత ఆ కన్సర్టోతో మొదటి బహుమతి రావడం అదే.

బ్రస్సెల్స్‌లో ఫైనలిస్టుల పరీక్ష ఇంకా కఠినం. వాళ్ళను వాటర్లూ దగ్గరున్న ఒక సంగీత నిలయానికి తీసుకెళ్ళి వారం రోజులు బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా ఉంచుతారు. ఫోన్ ఉండదు, గురువు సలహా ఉండదు. ఆ పోటీ కోసమే రాయించిన, ఇంకా ఎక్కడా అచ్చు కాని కొత్త రచన ఒకటి చేతికిస్తారు. వారంలో దాన్ని సొంతంగా నేర్చుకుని ఆర్కెస్ట్రాతో వాయించాలి. రికార్డింగ్ విని అనుకరించే వీలు లేదు, ఎందుకంటే అప్పటికి దాన్ని ఎవరూ వాయించలేదు. సంగీతాన్ని కాగితం మీంచి తనంతట తాను అర్థం చేసుకోగలడా అన్నది ఇక్కడ తేలిపోతుంది. నా మటుకు, ఈ పోటీలన్నింటిలోకీ నిజాయితీ ఎక్కువున్న పరీక్ష ఇదే.

మార్కుల లెక్క మారితే విజేత మారతాడు

పదిహేను మందో పదిహేడు మందో కూర్చుని విని అంకెలు వేస్తారు. ఆ అంకెలను ఎలా కలుపుతారన్నది బయటికి చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఫలితం దాని మీదే ఆధారపడుతుంది. ఒక ఊహా ఉదాహరణ చూద్దాం.

అయిదుగురు న్యాయనిర్ణేతలు, ఒక్కొక్కరు 25కు మార్కులు వేస్తారు. ఒక అమ్మాయి బాగా తెగించి, తనదైన పద్ధతిలో వాయించింది. ముగ్గురికి అద్భుతంగా నచ్చింది, ఒకరికి ఫరవాలేదనిపించింది, ఒకరికి అసలు నచ్చలేదు. మార్కులు 24, 24, 24, 18, 12. మొత్తం 102, సగటు 20.4. తర్వాత ఒక అబ్బాయి వచ్చి ఎక్కడా తప్పు లేకుండా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వాయించాడు. మార్కులు 21, 21, 21, 21, 20. మొత్తం 104, సగటు 20.8. అబ్బాయి ముందుకెళతాడు. అయిదుగురిలో ముగ్గురు అమ్మాయే మెరుగని అనుకున్నా సరే.

ఇప్పుడు కొన్ని పోటీలు వాడే సవరణ పెడదాం. సగటుకు 3 మార్కుల కంటే ఎక్కువ దూరంగా ఉన్న అంకెను 3 మార్కుల దూరానికి లాగుతారు. అమ్మాయి సగటు 20.4 కాబట్టి 24లు మూడూ 23.4కు తగ్గుతాయి, 12 కాస్తా 17.4కు పెరుగుతుంది, 18 అలాగే ఉంటుంది. కొత్త సగటు 21.12. అబ్బాయిది మారదు, 20.8. ఈసారి అమ్మాయి గెలుస్తుంది. వాయింపు అదే, విన్న చెవులు అవే, మారింది కూడిక పద్ధతి ఒక్కటే.

ఇది ఊహకే పరిమితం కాదు. 2015 షోపాన్ ఫైనల్లో దక్షిణ కొరియాకు చెందిన సాంగ్‌జిన్ చోకు జ్యూరీలో ఎక్కువమంది 10కి 9, 10 వేస్తే, ఒక్క సభ్యుడు 1 వేశాడు. అయినా చో గెలిచాడు, ఎందుకంటే మిగతావాళ్ళ మధ్య ఏకాభిప్రాయం బలంగా ఉంది. పోటీ తర్వాత నిర్వాహకులు మార్కులన్నీ బయటపెట్టారు కాబట్టే ఈ సంగతి లోకానికి తెలిసింది. చాలా పోటీలు ఇంకా అలా చేయడం లేదు.

జ్యూరీ మీద ఇంకో పాత అనుమానం ఉంది. పెద్ద పియానిస్టులే పెద్ద గురువులు, వాళ్ళే జ్యూరీలో కూర్చుంటారు, ఎదురుగా వాయించేవాళ్ళలో వాళ్ళ శిష్యులూ ఉంటారు. 2021లో గెలిచిన కెనడా పియానిస్టు బ్రూస్ లియూకు గురువు డాంగ్ థాయ్ సోన్ అప్పుడు జ్యూరీలో ఉన్నారు. నియమం ప్రకారం తన శిష్యుడికి తాను మార్కులు వేయకూడదు. దీంతో సమస్య తీరిపోయిందని కొందరంటారు. తోటి న్యాయనిర్ణేతల మీద పడే మొహమాటాన్ని ఏ నియమం ఆపగలదని మరికొందరు అడుగుతారు. ప్రపంచంలో ఈ స్థాయిలో పాఠం చెప్పగలిగినవాళ్ళే కొద్దిమంది అయినప్పుడు, శిష్యులు లేని న్యాయనిర్ణేతలను పదిహేడు మందిని వెతికి పట్టుకోవడం అయ్యే పని కాదు. అందుకే మార్కులు బహిరంగంగా పెట్టడమే ఉన్నంతలో మంచి మందు అని నేననుకుంటాను.

బహుమతి సొమ్ము కంటే విలువైనవి

2025లో షోపాన్ మొదటి బహుమతి 60,000 యూరోలు, మన లెక్కలో సుమారు 60 లక్షల రూపాయలు. క్లైబర్న్ పోటీలో లక్ష డాలర్లు. వినడానికి పెద్ద మొత్తాలే. అయితే కచేరీలకు వాడే పెద్ద స్టైన్‌వే పియానో ఒక్కటే కోటి రూపాయల పైమాట. అసలు విలువ మిగతా వాటిలో ఉంది.

మొదటిది కచేరీల తేదీలు. పెద్ద ఆర్కెస్ట్రాలు తమ సీజన్‌ను ఏడాది, రెండేళ్ళు ముందే వేసుకుంటాయి. పేరు తెలియని ఇరవై ఏళ్ళ పియానిస్టును పెడితే టికెట్లు అమ్ముడు కావేమోనని భయం. ‘షోపాన్ పోటీ విజేత’ అని పోస్టర్ మీద రాయగలిగితే ఆ భయం సగం తగ్గుతుంది. రెండోది రికార్డింగ్. షోపాన్ విజేతల ఆల్బమ్‌లను డాయిచె గ్రామోఫోన్ లాంటి పేరున్న సంస్థ విడుదల చేయడం ఈ మధ్య మామూలైంది. మూడోది మేనేజ్‌మెంట్. ఎక్కడ వాయించాలి, ఎంత అడగాలి, ఏది వద్దనాలి అన్నది చూసుకునే ఏజెంటు. క్లైబర్న్ పోటీ విజేతకు మూడేళ్ళు ఈ సాయం ఉంటుంది. ఆ పోటీ నాలుగేళ్ళకోసారి జరుగుతుంది. అంటే ఒప్పందం ముగిసిన కొద్ది కాలానికే కొత్త విజేత వచ్చేస్తాడు, ఊళ్ళు, హాళ్ళు, నిర్వాహకుల చూపు అటు తిరుగుతుంది.

ఈ కొద్ది ఏళ్ళలో ఏం జరుగుతుందో చిన్న లెక్క వేసి చూడొచ్చు. గెలిచిన అమ్మాయికి ఏడాదిలో 70 కచేరీలు వచ్చాయనుకుందాం. ప్రయాణం, రిహార్సల్, కచేరీ కలిపి ఒక్కోదానికి మూడు రోజులు. 210 రోజులు అందులోనే పోయాయి. మిగిలిన 155 రోజుల్లో నిద్ర తీర్చుకోవాలి, ఇంటికి వెళ్ళాలి, ఇంటర్వ్యూలు ఇవ్వాలి, కొత్త రచనలు నేర్చుకోవాలి. పోటీ కోసం ఏళ్ళ తరబడి నూరుకున్న రెండు కన్సర్టోలు, రెండు రిసైటల్ కార్యక్రమాలతోనే బండి నడుస్తుంటుంది. మూడో ఏడు అదే ఊరి నిర్వాహకుడు ‘ఈసారి కొత్తగా ఏం వాయిస్తావు?’ అని అడిగితే చెప్పడానికి ఏదైనా ఉండాలి. చాలామంది విజేతలు జారిపోయేది ఈ దశలోనే. వాళ్ళలో ప్రతిభ తక్కువై కాదు, దాన్ని పెంచుకునే తీరిక దొరక్క.

గెలిచినవాళ్ళు, ఓడినవాళ్ళు

1958లో మాస్కోలో మొదటి చైకోవ్‌స్కీ పోటీ జరిగింది. సోవియట్ ప్రతిష్ఠ కోసం పెట్టిన పోటీలో 23 ఏళ్ళ టెక్సస్ యువకుడు వాన్ క్లైబర్న్ గెలిచాడు. ఫోర్ట్‌వర్త్ పోటీకి పెట్టింది ఇతని పేరే. ప్రచ్ఛన్న యుద్ధం మంచి వేడి మీదున్న రోజులు. న్యూయార్క్‌లో వీధుల వెంట కాగితపు ముక్కలు చల్లుతూ ఊరేగించారు. రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ రాసిన మొదటి కన్సర్టోను అతను వాయించిన రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడైంది, శాస్త్రీయ సంగీతంలో అంతకు ముందు అలాంటిది లేదు. ఆ తర్వాత ఎక్కడికెళ్ళినా జనం అదే కన్సర్టో అడిగారు. ఇరవై ఏళ్ళకు, 1978లో, అతను కచేరీలు మానేశాడు. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ వేదికెక్కినా పాత ఊపు రాలేదు. అంత పెద్ద గెలుపు అతన్ని ఆ ఒక్క సాయంత్రానికి కట్టేసిందని విమర్శకులు అన్నమాటలో నిజముంది.

క్లైబర్న్ గెలిచిన రెండేళ్ళకు, 1960లో, 18 ఏళ్ళ ఇటాలియన్ మౌరిత్సియో పొలీని వార్సాలో గెలిచాడు. అతను దీనికి పూర్తిగా వ్యతిరేకంగా చేశాడు. వచ్చిపడుతున్న కచేరీలను బాగా తగ్గించుకుని కొన్నేళ్ళు చదువు మీద కూర్చున్నాడు, కొత్త రచనలు నేర్చుకున్నాడు. తర్వాత యాభై ఏళ్ళకు పైగా ప్రపంచంలోని అగ్రశ్రేణి పియానిస్టుల్లో ఒకడిగా నిలిచాడు, 2024లో చనిపోయేదాకా ఆ గౌరవం తగ్గలేదు. వచ్చిన గిరాకీని వద్దనగలిగే ధైర్యం, ఇంట్లో ఆ పాటి నిలకడ అందరికీ ఉండవు. అందుకే పొలీనిని ఉదాహరణగా చూపి మిగతావాళ్ళను తప్పుపట్టడం నాకు సబబుగా అనిపించదు.

1980లో వార్సాలో జరిగినది ఇంకా విచిత్రం. యుగోస్లావియాకు చెందిన ఈవో పోగొరెలిచ్ వాయింపు కొందరికి మహాద్భుతం, కొందరికి అపచారం. మూడో రౌండులో అతన్ని తీసేశారు. 1965లో ఆ పోటీ గెలిచిన మార్తా అర్గెరిచ్ జ్యూరీలో ఉన్నారు, ఆమె నిరసనగా జ్యూరీ నుంచి తప్పుకున్నారు. ఆ వార్త ప్రపంచమంతా పాకి పోగొరెలిచ్ రాత్రికి రాత్రి ప్రసిద్ధుడయ్యాడు, పెద్ద రికార్డింగ్ ఒప్పందం వచ్చింది. ఓడిపోవడమే అతనికి కలిసొచ్చింది.

ఈ గొడవలో ఆ ఏడాది అసలు గెలిచింది ఎవరన్నది చాలామంది మరిచిపోతారు. గెలిచింది వియత్నాంకు చెందిన డాంగ్ థాయ్ సోన్, పైన చెప్పిన గురువు. యుద్ధకాలంలో హనోయ్ సంగీత పాఠశాలను బాంబుల భయంతో పల్లెలకు తరలించినప్పుడు, తల్లి దగ్గర పియానో నేర్చుకున్న పిల్లవాడు. వార్సా ఫైనల్‌కు ముందు ఆర్కెస్ట్రాతో కలిసి వాయించిన అనుభవమే లేదు. ఆసియా నుంచి షోపాన్ పోటీ గెలిచిన మొదటి వ్యక్తి అతనే. పోటీలను ఎవరు ఎంత తిట్టినా నాకు వెంటనే ఇతనే గుర్తొస్తాడు. పోటీ అనేది లేకపోతే, ఏ ఏజెంటు, ఏ ఆర్కెస్ట్రా 1980లో హనోయ్ కుర్రాణ్ణి పిలిచి వినేది?

రెండో, మూడో స్థానంతో పైకి వచ్చినవాళ్ళూ తక్కువేం కాదు. 1975 లీడ్స్ పోటీలో మొదటి బహుమతి రాని మిత్సుకో ఉచిదా, ఆంద్రాష్ షిఫ్ తర్వాత ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. చైనాకు చెందిన లాంగ్ లాంగ్ పెద్దల పోటీ ఏదీ గెలవకుండానే 1999లో, 17 ఏళ్ళప్పుడు, రాలేకపోయిన ఒక పియానిస్టు స్థానంలో చికాగో ఆర్కెస్ట్రాతో వాయించి పేరు తెచ్చుకున్నాడు. 1990లోనూ 1995లోనూ షోపాన్ జ్యూరీ అసలు మొదటి బహుమతే ఇవ్వలేదు.

అదృష్టం వాటా ఎంత?

ఈ ప్రశ్నను ఆర్థికవేత్తలు సీరియస్‌గానే తీసుకున్నారు. విక్టర్ గిన్స్‌బర్గ్, యాన్ వాన్ ఔర్స్ అనే ఇద్దరు క్వీన్ ఎలిజబెత్ పియానో పోటీ ఫలితాలను పరిశీలించి 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఫైనలిస్టులు ఏ రోజు, ఏ వరసలో వాయించాలన్నది లాటరీలో తేలుతుంది. వారం మొదట్లో వాయించినవాళ్ళకు స్థానాలు తగ్గుతున్నాయని, తర్వాత వాయించినవాళ్ళకు మెరుగవుతున్నాయని తేలింది. కొత్త రచనను జ్యూరీ కూడా మొదటిసారి వింటోంది కదా, వినగా వినగా చెవికి అలవాటై నచ్చుతుంది. అంతకంటే ముఖ్యమైనది ఆ అధ్యయనంలోని రెండో సగం: లాటరీ వల్ల మంచి స్థానం వచ్చినవాళ్ళకు కూడా తర్వాత కెరీర్ మెరుగ్గానే సాగింది. అంటే ప్రతిభతో పని లేకుండా, స్థానం తనంతట తానే కెరీర్‌ను లాక్కెళుతోంది.

చియా జంగ్ సే అనే పరిశోధకురాలు 2013లో ప్రచురించిన ప్రయోగం ఇంకో కోణం చూపింది. పోటీల ఫైనలిస్టుల చిన్న క్లిప్పులను కొందరికి శబ్దం మాత్రమే, కొందరికి శబ్దంతో వీడియో, మరికొందరికి శబ్దం లేని వీడియో మాత్రమే చూపి, ఎవరు గెలిచారో చెప్పమన్నారు. అసలు విజేతలను ఎక్కువగా గుర్తు పట్టింది శబ్దం లేని వీడియో చూసినవాళ్ళే. సంగీతంలో నిపుణులైనవాళ్ళదీ అదే ఫలితం. చెవితో వింటున్నామని మనం నమ్ముతున్నా, కన్ను చాలా పని చేస్తోందన్నమాట. దీన్ని పట్టుకుని పోటీలన్నీ బూటకమని తేల్చేవాళ్ళున్నారు. అంత దూరం పోనక్కర్లేదు. ఫైనల్ దాకా వచ్చినవాళ్ళందరి స్థాయీ దాదాపు ఒకటే అయినప్పుడు, వాళ్ళ మధ్య తేడా చెప్పడానికి చిన్న విషయాలు పెద్దవవుతాయి. ఆరు వందల మందిలోంచి ఇరవై మందిని వేరు చేయడంలో పోటీ పద్ధతి బాగానే పనిచేస్తుంది. ఆ ఇరవై మందిలో ఒకటో స్థానం ఎవరిదన్న దగ్గర దాని మీద మరీ భరోసా పెట్టుకోకూడదు.

పోటీ సంగీతాన్నే మార్చేస్తోందా?

గుంటూరు, కృష్ణా జిల్లాల్లో పరిషత్తుల పోటీ నాటకాలు చూసి పెరిగినవాళ్ళకు ఈ చర్చ కొత్తది కాదు. గంట లోపు ముగిసేలా, న్యాయనిర్ణేతలకు నచ్చేలా, చివర్లో హాలు మొత్తం కంటతడి పెట్టేలా నాటకాలు రాయడం మొదలయ్యాక, నాటకమే ఒక మూసలో పడిందని పెద్దలు బాధపడ్డారు. అదే సమయంలో పరిషత్తులే లేకపోతే చిన్న ఊళ్ళ నుంచి అంతమంది నటులు వచ్చేవారే కాదన్నదీ నిజమే. పియానో పోటీల మీద విమర్శ, సమర్థన సరిగ్గా ఇలాగే ఉన్నాయి.

విమర్శకుల మాట ఏమిటంటే, సగటు మార్కుల పద్ధతి ఎవరికీ అభ్యంతరం లేని వాయింపును ముందుకు తోస్తుంది, పిల్లలు పదేళ్ళ పాటు గెలిపించే రచనలే సాధన చేస్తారు, వేగమూ బలమూ సులువుగా కొలవచ్చు కాబట్టి నిదానమూ నిశ్శబ్దమూ వెనకపడతాయి. సమర్థించేవాళ్ళు 2022 క్లైబర్న్ పోటీని చూపిస్తారు. అప్పుడు 18 ఏళ్ళ కొరియా కుర్రాడు యున్‌చాన్ లిమ్ అతి పిన్న విజేత అయ్యాడు. అప్పటిదాకా చదువంతా కొరియాలోనే. ఫైనల్లో అతను వాయించిన రఖ్మానినోవ్ మూడో కన్సర్టో వీడియోను కోటి సార్లకు పైగా చూశారు. మూసలో పోసిన వాయింపు కాదది, వినేవాళ్ళకు ఊపిరాడనివ్వదు. నాకు రెండు వాదనల్లోనూ పస కనిపిస్తుంది. అయితే యూట్యూబ్ వచ్చాక పోటీ శక్తి కొంత జ్యూరీ చేతుల్లోంచి జారి శ్రోతల చేతుల్లోకి వచ్చింది. ఇది మంచి మార్పు. రెండో రౌండులో ఇంటికి వెళ్ళినవాళ్ళకు కూడా ఇప్పుడు అభిమానులుంటున్నారు.

పోటీ లేని దారులూ ఉన్నాయి. అమెరికాలోని మిషిగన్‌లో గిల్మోర్ అనే పురస్కారానికి దరఖాస్తే ఉండదు. నిపుణులు చెప్పాపెట్టకుండా కచేరీలకు వెళ్ళి విని, నాలుగేళ్ళకోసారి ఒకరిని ఎంచి మూడు లక్షల డాలర్లు ఇస్తారు. అందులో పోటీ టెన్షన్ లేదు. అయితే వాళ్ళ కంట పడాలంటే ముందే ఎక్కడో కచేరీలు చేస్తుండాలి. హనోయ్ కుర్రాడి సమస్యకు అది జవాబు కాదు.

కొరియా ఎందుకు గెలుస్తోంది, మనం ఎందుకు కనిపించడం లేదు

ఈ మధ్య విజేతల పట్టికల్లో కొరియా, చైనా పేర్లు వరసగా కనిపిస్తాయి. చిన్న వయసులోనే గట్టి శిక్షణ, అందుబాటులో పియానోలు, మంచి సంగీత విశ్వవిద్యాలయాలు అక్కడున్నాయి. కొరియాలో ఇంకో కారణం కూడా ఉంది: కుర్రాళ్ళందరికీ సైనిక సేవ తప్పనిసరి, కానీ ప్రభుత్వం గుర్తించిన కొన్ని అంతర్జాతీయ పోటీల్లో మొదటి రెండు స్థానాల్లో వస్తే దాని బదులు కళారంగంలోనే సేవ చేయొచ్చు. వేళ్ళు మంచి చురుకుగా ఉండే వయసులో ఏడాదిన్నర సాధన ఆగిపోకుండా ఉండటం పియానిస్టుకు చిన్న విషయం కాదు.

మన దేశం నుంచి పెద్ద పేరు అంటే జుబిన్ మెహతా. 1958లో లివర్‌పూల్‌లో జరిగిన కండక్టర్ల పోటీ ఆయన గెలిచారు, అయితే అప్పటికే వియన్నాలో చదివారు. ముంబైలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2006లో, చెన్నైలో రహ్మాన్ కె.ఎం. సంగీత కళాశాల 2008లో మొదలయ్యాయి. విజయవాడ, గుంటూరుల్లో పరిస్థితి ఇంకా మొదటి మెట్టు దగ్గరే ఉంది. చర్చి గాయక బృందాల్లో పాశ్చాత్య స్వరాలు తరాలుగా వినపడుతున్నా, పిల్లలు నేర్చుకునేది ఎక్కువగా 61 మెట్ల కీబోర్డు మీద. పియానోకు 88 మెట్లు. తేడా అంకెలోనే లేదు. కీబోర్డు మెట్టు స్ప్రింగు లాగా తేలిగ్గా దిగుతుంది. పియానో మెట్టు నొక్కితే లోపల సుత్తి లేచి తీగను కొడుతుంది, వేలికి ఆ బరువు తెలుస్తుంది, శబ్దం ఎంత మెత్తగా రావాలో ఆ బరువుతోనే తేలుతుంది. షోపాన్ సంగీతం మొత్తం ఆ స్పర్శ మీదే నడుస్తుంది. అసలైన పియానో తెచ్చినా కృష్ణా తీరపు ఎండకూ వానాకాలపు తేమకూ చెక్క ఉబ్బి, బిగిసి శ్రుతి తప్పుతుంది, ట్యూనింగ్ చేయగలవాళ్ళు మన దగ్గర అరుదు. కీబోర్డు మీద గ్రేడ్ పరీక్ష ఎంత బాగా పాసైనా, వార్సా వేదిక మీది వాయిద్యం ఆ పిల్లలకు కొత్తదే.

కర్ణాటక సంగీతంలో ఈ నిచ్చెన ఎందుకు లేదు

విజయవాడ శ్రోతలు సహజంగా అడిగే ప్రశ్న ఇది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఇక్కడే పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర నేర్చుకున్నారు, బాలుడిగానే కచేరీలు చేశారు, తర్వాత ఇక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఆయన పేరు వేదికల మీద, రేడియోలో పెరిగింది. ఆయన జీవితంలో వార్సా లాంటిది ఏదీ లేదు, అవసరమూ పడలేదు. కర్ణాటక కచేరీలో సగం బలం మనోధర్మంలో, అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడటంలో ఉంటుంది. ఇద్దరు పిల్లలు ఒకే తోడి రాగం పాడినా ఇద్దరి ఆలాపన వేరు. అచ్చయిన స్వరాలు పక్కన పెట్టుకుని పోల్చడం కుదరదు. పైగా ఇక్కడ కళాకారుడు ఒక్కసారిగా బయటపడడు. సభల్లో మధ్యాహ్నం కచేరీ నుంచి సాయంత్రం కచేరీకి ఏళ్ళ మీద జరుగుతాడు.

పోటీలు లేవని కాదు. ఆకాశవాణి యువ కళాకారులకు ఏటా పోటీలు పెట్టింది. కానీ కర్ణాటక కళాకారుడి పేరు పక్కన ఎక్కువ కాలం నిలిచేది బహుమతి కంటే గ్రేడు. బి, బి-హై, ఏ, టాప్ అనే ఈ గ్రేడులను ఆడిషన్‌లో నిర్ణయిస్తారు. పాడేవాళ్ళ పేరు తెలియకుండా రికార్డింగ్ మాత్రమే వినడం దాని పద్ధతి, కాబట్టి చియా జంగ్ సే ప్రయోగంలో కన్ను చేసిన పెత్తనం ఇక్కడ ఉండదు. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైనప్పటి నుంచి మన జిల్లాల కళాకారులకు ఆ స్టూడియో గది ఒక ముఖ్యమైన మెట్టు. గ్రేడు ఎవరినీ ఓడించి తెచ్చుకునేది కాదు, ఒకే ఏడాది పదిమందికి రావచ్చు, ఎవరికీ రాకపోవచ్చు. క్లైబర్న్ విజేత ఒప్పందంలా మూడేళ్ళకు ముగిసిపోదు, కొన్నేళ్ళ సాధన తర్వాత పై గ్రేడుకు మళ్ళీ ఆడిషన్ ఇవ్వొచ్చు. అయితే దానితో పాటు సముద్రాలు దాటించే ఏజెంటు రాడు, ఆల్బమ్ రాదు, అరవై లక్షలూ రావు. రేడియో కచేరీ, దానికిచ్చే పారితోషికం, సభల వాళ్ళ ఆహ్వానపత్రంలో పేరు కింద ‘ఆకాశవాణి ఏ గ్రేడ్ కళాకారిణి’ అనే మాట వస్తాయి.